వెనక గోడ

మన్నాన్ మేస్త్రీకి సగం గోడ కట్టడం చేతకాదు. లాల్‌గడి మలక్‌పేట్‌లో ఈ సంగతి అందరికీ తెలుసు, తెలిసే నవ్వుకునేవాళ్ళు. కోళ్ళగూడు కట్టమంటే మనుషులు కాపురం ఉండేట్టు కడతాడని, బర్రెల కొట్టానికి పిలిస్తే బర్రెలకు పెళ్ళి చేయొచ్చన్నంత ముచ్చటగా పునాది తీస్తాడని ఎగతాళి చేసేవాళ్ళు. ఖర్చు పెట్టించే మేస్త్రీ అని తిట్టుకుంటూనే మళ్ళీ ఆయన్నే పిలిచేవాళ్ళు. ఎందుకంటే శామీర్‌పేట చెరువు అలుగు దూకిన ఏడాది చుట్టుపక్కల కూలిన ఇళ్ళలో ఆయన కట్టినది ఒక్కటీ లేదు. ఆ మంచి చేయే ఒకనాడు కొంప ముంచుతుందని అప్పుడెవరూ అనుకోలేదు, మన్నాన్ అసలే అనుకోలేదు.

ఆయనకు తండ్రి నుంచి వచ్చిన రివాజు ఒకటుండేది. ఇల్లు పూర్తయ్యాక, యజమానికి అప్పగించే ముందు, ఆ ఇంటి పొయ్యి మీద వండిన అన్నంలో మొదటి ముద్ద మేస్త్రీ తినాలి. మేస్త్రీ ముద్ద అనేవాళ్ళు దాన్ని. కట్టినవాడు కడుపు నింపుకోకుండా దిగిపోతే ఇల్లు ఆకలి మీద ఉండిపోతుందని, ఆకలి మీద ఉన్న ఇల్లు మనిషిని కోరుతుందని ఆ వంశంలో నమ్మకం. ఇది మన మతంలో లేని మాటని మౌల్వీ సాబ్ ఒకసారి మందలిస్తే మన్నాన్ తల వంచుకుని విన్నాడు. మర్నాడు పోయి ఇంకో ఇంట్లో ముద్ద తిన్నాడు.

అది ఫసలీ పదమూడు వందల యాభై ఏడు, ఇంగ్లీషు లెక్కలో నలభై ఎనిమిది. చలి ఇంకా పోకముందే కబురొచ్చింది: చెరువు కట్టకు ఇవతల సర్కారు సినిమా కార్ఖానా పెడుతున్నదని. బొమ్మలన్నీ బొంబాయి నుంచీ మద్రాసు నుంచీ వస్తున్నాయి, మన దక్కన్‌కు సొంత బొమ్మ లేకపోవడం నామోషీ అని పట్నంలో ఎవరో పెద్దలకు తోచిందట. దానికోసం ఒక కొత్త ఆఫీసే పెట్టారు. దాని అసలు పేరు బారెడుంటుంది, జనం మాత్రం తమాషాల మహకమా అన్నారు. ఖజానా నుంచి లక్షలు విడుదలయ్యాయి. ఊళ్ళో బడి కప్పు కూలి మూడేళ్ళు, పిల్లలు ఎండలో కూర్చుని అలీఫ్, బే దిద్దుతున్నారు. దానికి మాత్రం ఎవరి దగ్గరా పైసా లేదు. అది వేరే మహకమా అట.

కాకపోతే పని దొరికింది, అది కాదనలేం. ఇండియా యూనియన్ వాళ్ళు సరిహద్దులో సామాను ఆపేసిన రోజులవి. ఉప్పు కరువు, కిరసనాయిలు కరువు. పొద్దు గూకితే ఊళ్ళకు ఊళ్ళే చీకట్లో కూర్చునేవి. అలాంటప్పుడు ముళ్ళ కంచె వేసి, పహరా పెట్టి, రోజూ నలభై మందికి పని చెబుతామంటే ఎవరు వద్దంటారు? మన్నాన్ తన తాపీ, తూకం గుండు సంచిలో వేసుకుని బయల్దేరాడు. వెంట గాలయ్య నడిచాడు.

గాలయ్య మట్టి తొక్కడంలో దిట్ట. పదేళ్ళుగా మన్నాన్ దగ్గరే పని. మన్నాన్‌కూ మెహరున్నీసాకూ పిల్లలు లేరు. గాలయ్యనూ అతని పెళ్ళాం బాలనర్సమ్మనూ చూసుకుని వాళ్ళిద్దరూ ఆ లోటు మరిచిపోయేవాళ్ళు. బాలనర్సమ్మకు అప్పటికి నాలుగో నెల. పుట్టబోయేది ఎవరైనా సరే తాత నేనే అని మన్నాన్ కనపడిన వాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

కార్ఖానా బాధ్యత ప్రతాప్ అనే ఆయనది. పట్నం మనిషి, బొంబాయిలో పని నేర్చుకుని వచ్చాడు. కోపం లేదు, తిట్టడు, కూలివాళ్ళతో కూడా ఆప్ అని మర్యాదగా మాట్లాడతాడు. ఎప్పుడు చూసినా రెండు చేతుల వేళ్ళతో చౌకం చేసి అందులోంచి లోకాన్ని చూస్తుంటాడు. మన్నాన్‌ను పిలిచి, పన్నెండు ఇళ్ళ ఊరు కావాలి, ముందు గోడలు మాత్రం కట్టండి చాలు అన్నాడు. గోడ, తలుపు, అరుగు. పక్కలకు తడికలు, వెనక వెదురు గుంజలు ఆనించాలి. కప్పులన్నీ గడ్డివే ఉండాలి, ఒక్క పెంకు కూడా వద్దు. పెంకు ఎందుకు వద్దో మన్నాన్ అప్పుడు అడగలేదు. ఆయన బుర్రంతా లేని వెనక గోడ మీదే ఉంది.

“వెనక గోడ లేకుంటే ఇండ్ల ఎట్లుంటరు సాబ్?”

ఎవరూ ఉండరని ప్రతాప్ నవ్వాడు. కెమెరా ముందు నుంచే చూస్తుంది, వెనక ఏమున్నదో దానికి పట్టదు అన్నాడు.

పదకొండు ఇళ్ళు అలాగే కట్టాడు మన్నాన్, చేదు మందు మింగినట్టు కట్టాడు. ముందు నుంచి చూస్తే చక్కని ఊరు. పక్కకు పోతే గాలి, గుంజలు, అవతల చెరువు. ఆ గోడల మధ్య నడిచినప్పుడల్లా ఆయనకు ఒళ్ళు జలదరించేది. పన్నెండో ఇల్లు నడిమధ్యలోది. దాని దగ్గరకు వచ్చేసరికి చేయి ఇక మాట వినలేదు. పొద్దున అందరికంటే ముందు వచ్చి, మధ్యాహ్నం అన్నం మానుకుని, గాలయ్యా ఆయనా దానికి పక్క గోడలు లేపారు, వెనక గోడ లేపారు. మట్టికి ఖరీదు లేదు, ఒంటి చెమట తప్ప. వరుస మీద వరుస ఆరనిచ్చి, రెండు జానల మందాన, ముప్పై ఏళ్ళుండే గోడ. ఒక్క వెనక తలుపు మాత్రం పెట్టలేకపోయాడు, ఇంటికి ఒక తలుపుకే చెక్క ఇచ్చారు కాబట్టి. కిటికీకి అదీ లేదు. ఊపిరాడేందుకు కప్పు కింద పిడికెడంత సందులు రెండు వదిలాడు.

బాలనర్సమ్మ వచ్చి తన చేత్తో పొయ్యి పెట్టింది. మెహరున్నీసా బియ్యం, పెసరపప్పు తెచ్చింది. మన్నాన్ మొదటి ముద్ద తిన్నాడు, మిగిలిన ముగ్గురూ కూర్చున్నారు. అప్పుడే ప్రతాప్ తలుపులోంచి తొంగి చూశాడు. ఇల్లంతా కలియజూసి, గోడ మీద చేయి వేసి, పకపకా నవ్వాడు. పెట్టిన ముద్ద కాదనకుండా నేల మీద కూర్చుని తిన్నాడు కూడా. తింటూనే చెప్పాడు, ఎంత మంచి గోడ కట్టారు మేస్త్రీ, పాపం, ఆఖరున ఇదంతా కాలిపోవాల్సిందే కదా అని. కథలో దోపిడీగాళ్ళు వచ్చి ఊరు తగలబెడతారట. తరువాత సర్కారు ఫౌజు వచ్చి కాపాడుతుందట. అందుకే గడ్డి కప్పులు.

మన్నాన్ చేతిలోని ముద్ద పళ్ళెంలో పెట్టేసి లేచాడు. కట్టేదే కాల్చడానికని ముందే చెబితే వచ్చేవాడే కాదు. ఇంటికి పోయి మెహరున్నీసా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆమె ఓదార్చింది, గోడలు కాలవు కదా, మట్టి కాలితే ఇంకా గట్టిపడుతుంది అని.

ఎండలు ముదిరేసరికి కంచె లోపలి కథ కంటే బయటి కథ భయంకరంగా మారింది. పొద్దున్నో మాపునో ఒక లారీ వచ్చేది. అందులో సర్కారు తుపాకులవాళ్ళు పదిమంది, వాళ్ళకొక జమేదారు. ఏ ఊళ్ళో ఆగితే ఆ ఊళ్ళో ఒకరిద్దరు మగవాళ్ళు తగ్గేవాళ్ళు. జమేదారు అరిచేవాడు కాదు. ఒకసారి చూసిన ముఖం, విన్న మాట మరిచిపోడని చెప్పుకునేవాళ్ళు. గాలయ్య బావమరిది సర్కారు మీద తిరగబడ్డ సంఘంలో కలిసి తుర్కపల్లి గుట్టల్లో తిరుగుతున్నాడు. గాలయ్య చేసిందల్లా ఒకనాడు అతనికి జొన్నరొట్టెల మూట అందించడం. అది ఎవరు చూశారో, ఎవరు చెప్పారో, నాలుగో రోజుకల్లా లారీ వాకిట్లో ఆగింది. గాలయ్య వెనక గోడ దూకి పరుగెత్తాడు. మళ్ళీ కనపడలేదు.

జమేదారు బాలనర్సమ్మను ఏమీ అనలేదు. అరుగు మీద కూర్చుని నీళ్ళడిగి తాగాడు. ఎన్నో నెల అని అడిగాడు. ఎనిమిదో నెల అని ఆమె చెప్పింది. జాగ్రత్తగా ఉండమన్నాడు. తరువాత చెంబు ఆమె చేతికిచ్చి చెప్పాడు.

“మంగళవారం మళ్ళొస్త. అప్పటికి నీ పెనిమిటి రాకుంటే నువ్వు లారీ ఎక్కాలె. నువ్వు మా తాన ఉంటే ఆయనే ఎతుక్కుంట వస్తడు.”

లారీ ఎక్కిన ఆడవాళ్ళ సంగతి ఊళ్ళో ఎవరూ బయటికి మాట్లాడేవాళ్ళు కాదు. మాట్లాడకపోవడమే చాలు, అందరికీ తెలిసేది. బాలనర్సమ్మ ఆ సాయంత్రం మన్నాన్ ఇంటికి వచ్చి గడపలో కూలబడింది. పుట్టింటికి పోదామంటే వాళ్ళు ముందు వెతికేది అక్కడే. ఈ ఇంట్లో దాచినా రెండో చోటు ఇదే. ప్రతి ఊళ్ళోనూ గడ్డివాములు కూడా పొడిచి చూస్తున్నారు. మన్నాన్ తెల్లవార్లూ ఆలోచించాడు. సర్కారు మనుషులు ఎక్కడ వెతకరు? సర్కారు కంచె లోపల, సర్కారు పహరాలో ఉన్న సర్కారు ఊళ్ళో వెతకరు. అక్కడ పన్నెండిళ్ళలో నాలుగు గోడలున్న ఇల్లు ఒకటుంది. అది ఈ బిడ్డ కోసమే కట్టించాడు అల్లా అనుకున్నాడు.

మెహరున్నీసా రోజూ బురఖాలో వచ్చి భర్తకు సద్ది ఇచ్చి పోయేది. పహరా సిద్దిరాములు ఆమె వైపు కన్నెత్తి చూడడు, మన్నాన్ ఇచ్చే బీడీల వైపే చూస్తాడు. సోమవారం ఆ బురఖాలో బాలనర్సమ్మ లోపలికి పోయింది. సాయంత్రం బురఖా సద్దిమూటలో బయటికి వచ్చింది. పోయిన మనిషి తిరిగి వచ్చిందా లేదా అని సిద్దిరాములు లెక్క పెట్టలేదు. మంగళవారం జమేదారు వచ్చి ఖాళీ ఇల్లు చూసి, పొయ్యిలో బూడిద చేత్తో తాకి వెళ్ళిపోయాడని చెప్పారు. ఆ మాట విన్నాక మన్నాన్‌కు నిద్ర కరువైంది.

అప్పుడు ఆ పెద్దమనిషి ఒక తప్పు చేశాడు. దాన్ని తప్పనడానికి నాకు నోరు రాదు, ఎవరైనా అదే చేసేవాళ్ళు. మంగళవారం మధ్యాహ్నం కంచె లోపల షూటింగ్ జరిగింది. ఆడవాళ్ళు గుండెలు బాదుకుని ఏడవాలి, దోపిడీగాళ్ళు గాలిలోకి తుపాకులు కాల్చాలి. ఆ చప్పుడుకు బాలనర్సమ్మ బెదిరి తలుపు గడియ తీసింది. అరుగు మీద మట్టి పూస్తున్న మన్నాన్ అది విని తలుపుకు వీపు ఆనించి కూర్చోకపోతే ఆరోజే బయట పడేది. అందరూ పోయాక లోపలికి వెళ్ళి ఆమెకు గట్టిగా చెప్పాడు.

“ఇది తమాషా బిడ్డా. తుపాకులు ఉత్తయే, ఏడుపులు ఉత్తయే. ఊరంత తగలబడుతుందని ఒర్లినా నువ్వు కదలకు. నేనొచ్చి పిలిస్తెనే బయటికి రావాలె.”

“అట్లనే కాకా,” అంది ఆమె. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి కాస్త నవ్వింది కూడా.

తగలబెట్టే రోజు అమావాస్య వెళ్ళాక, వచ్చే సోమవారం అని ప్రతాప్ ముందే చెప్పి ఉన్నాడు. అందుకే మన్నాన్ ధైర్యంగా ఉన్నాడు. బుధవారం పొద్దున్నే సున్నం తెస్తానని చెప్పి మేడ్చల్ స్టేషన్‌కు పోయాడు. అక్కడ పేట్ బషీరాబాద్ జంగయ్య బండి కడతాడు. మన్నాన్‌కు పాత స్నేహితుడు, నోరు కట్టుకోగలవాడు. బురఖాలో ఉన్న ఒకామెను పట్నం దాటించాలి అంటే ఎవరని అడగలేదు. శుక్రవారం పొద్దున్నే కంచె దగ్గరికి వస్తానన్నాడు. ఇంకొక్క రోజు. మన్నాన్‌కు గుండె మీది బండ తీసినట్టయింది. బజారులో అరసేరు బెల్లం కొన్నాడు, బాలనర్సమ్మకు బెల్లం ఇష్టమని.

తిరుగు దారిలో సగం దూరం నడిచేసరికి వెనక లారీ మోగింది. దారి పక్కకు దిగి నిలబడ్డాడు. కానీ అది కార్ఖానా లారీ, నడిపేది అన్వర్. ఎక్కు మేస్త్రీ అని ఆపాడు. వెనక ఎక్కి కూర్చున్నాక మన్నాన్‌కు వాసన తగిలింది. చుట్టూ పీపాలు. ఆరు పీపాల నిండా కిరసనాయిలు. ఊళ్ళల్లో దీపానికి చెంచాడు దొరకని రోజుల్లో ఆరు పీపాలు. ఎందుకిదంతా అని అరిచి అడిగాడు, గాలికి వినపడాలని.

“అంటువెట్టనీకె,” అన్నాడు అన్వర్ వెనక్కి తిరక్కుండానే. “మహకమా పెద్దసాబ్ వచ్చిండు, రేపు పట్నం పోతున్నడట. సూసే పోత అన్నడట. ఇయ్యాల మూడు గొట్టంగనే కాలవెడుతరు.”

ఆ తరువాత రెండు కోసులు మన్నాన్ ఎలా కూర్చున్నాడో ఆయనకే తెలియదు. జల్దీ పో అని అన్వర్‌ను తొందర పెట్టాలి, ఆమె లోపలుంది. జల్దీ పోతే ఆ కిరసనాయిలు జల్దీ చేరుతుంది. ఆ పీపాల మధ్య, చేతి సంచిలో బెల్లం కరుగుతుంటే, తొందరగా పొమ్మనీ అనలేక నెమ్మదిగా పొమ్మనీ అనలేక, అల్లా అల్లా అంటూ కూర్చున్నాడు.

లారీ కంచె దాటేసరికి షామియానా వేసి ఉంది. కుర్చీలో పెద్దసాబ్, పక్కన షర్బతు. ఉన్న నూనెతోనే అంచు ఇళ్ళను తడిపేశారు. లారీ ఆగగానే పీపాలు దింపి మిగిలిన కప్పుల మీద చల్లసాగారు. నడిమి ఇంటి ఎదురుగా మూడు కాళ్ళ మీద కెమెరా. దాని పక్కన దోపిడీగాళ్ళ వేషంలో పదిమంది, చేతుల్లో కాగడాలు. మన్నాన్ ఆ ముఖాలు గుర్తుపట్టాడు. నిన్నటి వేషగాళ్ళకు తుపాకి పట్టడం రాలేదు, వచ్చినవాళ్ళు కావాలని ప్రతాప్ అడిగితే, మహకమా వాళ్ళు లారీ జమేదారునూ అతని మనుషులనూ అరువిచ్చారు. వేషం పెద్దగా వేయాల్సిన పని పడలేదు, తలకు నల్ల తలపాగా చుట్టారంతే.

నిజం చెబితే? ఇంట్లో ఆడమనిషి ఉంది, ఆపండి అంటే ప్రతాప్ తప్పకుండా ఆపుతాడు, అంత రాతిగుండె కాదు. ఆపి, తలుపు తీయిస్తాడు. తలుపు ముందు జమేదారు నిలబడి ఉంటాడు. చెప్పకపోతే? తలుపు తెరుచుకోదు. చప్పుళ్ళు విన్నా, పొగ చూసినా, ఊరు తగలబడుతోందని జనం అరిచినా ఆమె కదలదు. కదలొద్దని చెప్పింది తనే.

అప్పుడు మన్నాన్ ప్రతాప్ దగ్గరికి పోయి చేతులు జోడించాడు.

“సాబ్, ఒక్క ముద్ద. ఆ ఇంట్ల నేనింక మేస్త్రీ ముద్ద తినలే. తినకుంట ఇల్లు పోతే మా వంశానికి మంచిది గాదు. ఒక్క ముద్ద తిని వస్త.”

ప్రతాప్ కూడా కూర్చుని తిన్న ముద్ద అది. గోడలో అబద్ధం కట్టలేని మన్నాన్, తండ్రి ఇచ్చిన రివాజు మీదే అబద్ధం కట్టాడు. ప్రతాప్‌కు ఆ ముద్ద గుర్తుందో లేదో కానీ, ఆయన ఆ మాట వింటూనే రెండు చేతుల వేళ్ళు చౌకం చేసి మన్నాన్ ముఖాన్ని అందులోంచి చూశాడు. కళ్ళు మెరిశాయి. ముసలివాడు, తన ఇల్లు, నాలుగు దిక్కులా మంట, తినకుండా రానంటాడు. ఎంత రాసినా ఇలాంటిది దొరకదు అని పక్కవాడితో అన్నాడు. వెళ్ళండి మేస్త్రీ, కప్పు అంటుకోగానే బయటికి పరిగెత్తుకు రండి, కెమెరా మీ మీదే ఉంటుంది అని చెప్పాడు. ఒక్కటే రీలు మిగిలింది, బయటి నుంచి ఇంకోటి వచ్చే దారి లేదు, సర్కారు దీన్ని బంగారం పెట్టి కొన్నది, కాబట్టి యంత్రం ఆగేదాకా ఎవరూ అడ్డం రాకూడదని అందరికీ గట్టిగా చెప్పాడు. జమేదారు కూడా తలూపాడు.

మన్నాన్ అరుగు ఎక్కి తలుపు తట్టకుండా తన పేరు మెల్లగా చెప్పాడు. గడియ తీసిన చప్పుడు. లోపలికి దూరి తలుపు దగ్గరగా వేశాడు. బయట ఎవరో గట్టిగా అరిచారు, కెమెరా గిరగిరా తిరిగే చప్పుడు మొదలైంది. ఆ వెంటనే అంచు ఇళ్ళు భగ్గుమన్నాయి.

బాలనర్సమ్మ పొయ్యి పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. చేతిలో సగం రొట్టె ఉంది. సందుల్లోంచి పొగ సన్నగా దిగుతోంది.

“ఇయ్యాల తమాషా మస్తుగున్నది కాకా,” అంది. “పొగ గూడ పెట్టిండ్రు.”

“లే బిడ్డా. నిజంగనే అంటువెట్టిండ్రు.”

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. నమ్మలేదు. ఏమైనా కదలొద్దని నువ్వే చెప్పినవ్ గద అంది. ఆ మాట మన్నాన్‌కు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. చంకల కింద చేతులేసి లేపాడు. లేపాక ముందు తలుపు వైపు పోలేదు, వెనక గోడ వైపు పోయాడు. అవతల వంద అడుగులు పోతే చెరువు, తుంగ. తుంగలోకి దిగితే మనిషి కనపడదు. పొయ్యిరాయి ఎత్తి గోడ మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పైపూత రాలింది, గోడ కదలలేదు. పదకొండు ఇళ్ళకూ వెనక గాలే ఉంది, వాటిలో దేంట్లో దాచినా ఈ పాటికి ఆమె చెరువులో ఉండేది. వెనక గోడ ఇంకెవడు కట్టినా కాలితో తంతే పడేది. ఇది మన్నాన్ కట్టిన గోడ, వరుస మీద వరుస ఆరనిచ్చి కట్టిన గోడ. దాని మీద నుదురు ఆనించి ఒక్క క్షణం ఏడ్చాడు.

కప్పు అంటుకుంది. వాసాల మధ్య నుంచి నిప్పు రాలసాగింది. బాలనర్సమ్మ అప్పుడు నమ్మి కేక పెట్టింది. మన్నాన్ ఆమె కొంగు తల మీదుగా లాగి ముఖం నిండా కప్పాడు, మెడ దగ్గర బిగించాడు. నా పెండ్లాం అని చెబుత, నువ్వు నోరు తెరవకు అన్నాడు. భుజం చుట్టూ చేయి వేసి తలుపు తన్నాడు.

బయట వెలుతురు కళ్ళల్లో కొట్టింది. రెండు వైపులా పదకొండు ఇళ్ళు కాలుతున్నాయి. ఎదురుగా నల్లని యంత్రం వాళ్ళనే చూస్తూ గిరగిరా తిరుగుతోంది. అరుగు దిగి పది అడుగులు వేశారో లేదో, వెనక కప్పు పెళపెళమని కూలింది. ప్రతాప్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు, ఆనందంతో. ఆ ఆడమనిషి ఎవరని అడగలేదు, అడగాలని తోచలేదు ఆయనకు. పెద్దసాబ్ షర్బతు గ్లాసు కింద పెట్టి ముందుకు వంగాడు.

మన్నాన్ వాళ్ళెవరినీ చూడలేదు, జమేదారునే చూశాడు. జమేదారు ముందు ఆమె ముఖం వైపు చూశాడు. అక్కడ కొంగు తప్ప ఏమీ లేదు. తరువాత అతని చూపు కిందికి దిగింది, ఆమె రెండు చేతులతో పట్టుకున్న కడుపు దగ్గర ఆగింది. మన్నాన్ ముఖం కప్పాడు. కడుపు ఎలా కప్పడం? అతను ఒకసారి మన్నాన్ నెరిసిన గడ్డం వైపు చూశాడు, మళ్ళీ కడుపు వైపు చూశాడు. ఎనిమిదో నెల అని ఆమె చెప్పిన మాట గుర్తొచ్చినట్టుంది. తల మెల్లగా ఊపాడు.

బాలనర్సమ్మకు కొంగులోంచి ఏమీ కనపడడం లేదు. మన్నాన్ చేయి గట్టిగా పట్టుకుంది.

“ఇగ అయిపోయిందా కాకా?”

“ఇంక కాలే బిడ్డా. గట్లనే నిలబడు.”

యంత్రం తిరుగుతోంది. అది తిరిగినంతసేపు ఎవరూ అడ్డం రారు. రీలు ఎంత పొడుగుంటుందో మన్నాన్‌కు తెలియదు, ఎప్పుడూ అడగలేదు. ఇళ్ళు కట్టినంత కాలం ఇల్లు నిలవాలని దువా చేసినవాడు, ఇప్పుడు ఆ చప్పుడు ఆగకూడదని దువా చేశాడు. సంచిలో బెల్లం కరిగి కాళ్ళ మీద కారుతోంది.

జమేదారు తొందరపడలేదు. సర్కారు సొమ్ము పెట్టి కొన్న రీలు అది, మధ్యలో అడ్డం పోతే పాడవుతుందని అతనికి చెప్పి ఉంచారు. కాగడా పక్కవాడికిచ్చి, చేతులు కట్టుకుని, ఓపిగ్గా నిలబడ్డాడు. యంత్రం చప్పుడు ఆగింది. అతను తలపాగా విప్పి భుజాన వేసుకుని వాళ్ళ వైపు నడవసాగాడు.